చలనచిత్రములందు ఉత్కంఠ

శ్రీకాకుళము జిల్లాలో, ఒడిశా సరిహద్దును ఆనుకొని, మహేంద్రతనయా నదీతీరమున పాతపట్నము కలదు. నీలమణి దుర్గాదేవి ఆలయము వలన ఆ యూరు ప్రసిద్ధి కెక్కినది. ఆ ప్రాంతపు పల్లెలందును, విజయనగరము వైపు పల్లెలందును జముకుల కథ చెప్పించుట పూర్వము నుండి వచ్చుచున్న ఆచారము. జముకు ఒక చిత్రమైన వాద్యము. అది ఒక ప్రక్క తోలు మూసిన గుండ్రని పాత్రము. ఆ తోలు నడుమ నుండి వెలువడు నరమును ఒక చేత బిగించి పట్టి, రెండవ చేత మీటుదురు. బిగువు పెంచిన కొలది స్వరము పైకి పోవును. సడలించిన కొలది దిగును. నేర్పరియైన కథకుడు ఆపద సమీపించు ఘట్టమున మాటల వేగమును పెంచును. జముకు స్వరము బిగువెక్కును. సరిగా ఆపద మీద పడబోవు తరుణమున అతడు మాట నిలుపును. వాద్యము కూడ నిలిచిపోవును. వినువారు ఊపిరి బిగబట్టి, “తరువాత నేమయ్యెను?” అని ఎదురుచూతురు.

ఈ ఎదురుచూపునకే ఉత్కంఠ యని పేరు. అపరాధ పరిశోధన చిత్రములు, యుద్ధచిత్రములు, భయానక చిత్రములు దీని మీదనే నిలిచియున్నవి. అట్టి చిత్రమును చూచునపుడు మన గుండె వేగముగా కొట్టుకొనును. అరచేతులకు చెమట పట్టును. తెర మీద నున్నది వెలుగు నీడలే యని మన మెరుగుదుము. ఎరిగియు భయపడుదుము. ఇది యెట్లు జరుగుచున్నది? చలనచిత్రకారులు ఏ సాధనములచే మనలో నీ భావమును పుట్టించుచున్నారు? ఆ సాధనములలో ముఖ్యమైనవి రెండు: ఒకటి కూర్పు, రెండవది ధ్వని.

మొదట ఉత్కంఠకును ఉలికిపాటునకును గల భేదమును గ్రహింపవలెను. 1900 సంవత్సరమున నౌపడ నుండి పాతపట్నము మీదుగా పర్లాకిమిడికి ఒక చిన్న రైలు మార్గము ఏర్పడెను. ఆనాడు దాని పట్టాల నడుమ దూరము 2 అడుగుల 6 అంగుళములు మాత్రమే. ఇప్పుడది పెద్ద పట్టాల మార్గముగా మారినది. ఆ మార్గము మీద జరిగినట్లు ఒక కథను ఊహింతము. ఒక బాలుని దూడ తప్పిపోయినది. వెదకగా దాని కాలు పట్టాల సందున చిక్కుకొని కనబడినది. బాలుడు దానిని విడిపించుటకు కూర్చుండినాడు. ఇంతలో హఠాత్తుగా రైలు వచ్చి పడినది. మన ములికిపడుదుము. కాని ఆ ఉలికిపాటు ఒక్క క్షణము.

అదే కథను మరియొక విధముగా చెప్పుదము. రైలు టెక్కలి స్టేషనులో బయలుదేరుచున్నట్లు ముందే చూపుదము. తరువాత బాలుడు పట్టాలపై కూర్చుండి దూడ కాలిని నెమ్మదిగా కదలించుచుండును. బాలునకు రైలు సంగతి తెలియదు. రైలు నడుపువానికి బాలుని సంగతి తెలియదు. మనకు మాత్రము రెండును తెలియును. లేచి “పారిపొమ్ము!” అని కేక వేయ బుద్ధి పుట్టును. వేసినను వినువాడు లేడు. ఈ నిస్సహాయతయే ఉత్కంఠ. ఆంగ్ల దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ (1899–1980) ఈ సూత్రమునే బల్ల క్రింద దాచిన బాంబు ఉదాహరణముతో వివరించెను. బాంబు ఉన్నదని ప్రేక్షకునకు ముందుగా చెప్పనిచో అది పేలినపుడు అతడు కొద్ది క్షణములు ఉలికిపడును. చెప్పినచో పేలువరకు నిమిషముల తరబడి తల్లడిల్లును. కావున కథను దాచుట చేతనే ఉత్కంఠ పుట్టునని తలచుట పొరపాటు. కొంత చెప్పి, కొంత దాచి, ఆ రెంటి నడుమ మనలను వేచియుండునట్లు చేయుటయే అందలి మర్మము.

ఇక కూర్పును గూర్చి విచారింతము. చలనచిత్రము ఒక్క పర్యాయమున తీయబడునది కాదు. వేర్వేరు దినములందు, వేర్వేరు తావులందు తీసిన ముక్కలను ఎడిటరు కత్తిరించి, వరుసగా అతుకును. సాధారణముగా ఒక సెకనునకు 24 బొమ్మలు తెర మీద గడచును. ఏ ముక్క ఎన్ని బొమ్మల పొడవుండవలెనో, దాని వెనుక ఏ ముక్క రావలెనో నిర్ణయించుటయే కూర్పు. మన కథలో రైలును, బాలుని మార్చి మార్చి చూపితిమి. దీనిని సమాంతర కూర్పు అందురు. అమెరికా దర్శకుడు డి. డబ్ల్యు. గ్రిఫిత్ 1911లో తీసిన “ది లోన్‌డేల్ ఆపరేటర్” అను చిన్న చిత్రమున ఈ పద్ధతిని నేర్పుతో ప్రయోగించెను. అందు ఒక రైల్వే స్టేషనులో తంతి పంపు యువతి ఒంటరిగా నుండగా దొంగలు తలుపు పగులగొట్టుచుందురు. ఆమె సహాయము కోరి తంతి పంపును. ఒకమారు తలుపు, ఒకమారు యువతి, ఒకమారు ఆమెను రక్షింప పరుగెత్తి వచ్చు రైలింజను — ఇట్లు దృశ్యములు మారుచుండును. ఆపద దగ్గరైన కొలది ముక్కల పొడవు తగ్గించినచో చూచువాని గుండె వేగము హెచ్చును. జముకు నరమును బిగించుటయు ఇట్టిదే.

కూర్పునకు మరియొక శక్తి కలదు. రష్యా దేశీయుడగు లెవ్ కులెషోవ్ 1920 ప్రాంతమున ఒక ప్రయోగము చేసెను. ఒక నటుని ముఖమును ఏ భావమును లేకుండ తీసి, దాని ప్రక్కన ఒకచోట ఆహారపు గిన్నెను, ఒకచోట శవపేటికను అతికెను. ముఖము అన్నిచోట్ల ఒక్కటియే. అయినను ప్రేక్షకులు మొదటి చోట ఆకలిని, రెండవ చోట దుఃఖమును ఆ ముఖమున చూచి నటుని మెచ్చుకొనిరట. రెండు ముక్కలలో దేనియందును లేని అర్థము వాని కలయిక వలన పుట్టెను. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. దీని అవసరము ముందు రాగలదు.

రెండవ సాధనము ధ్వని. కన్ను ఎదుట నున్నదానినే చూచును; చెవి నలుదిక్కులను వినును. కన్నును మూసికొనవచ్చును; చెవిని మూయుట కష్టము. కనబడని వస్తువు వినబడినచో మనస్సు దానికి రూపము కల్పించుకొనును. ఆ రూపము తెర మీద చూపగల దానికంటె భయంకరముగా నుండును. జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ 1931లో తీసిన “ఎం” అను చిత్రమున నేరస్థుడు ఒక పాటను ఈలగా వేయుచుండును. కొంతసేపటికి ఈల వినబడినంతనే, మనిషి కనబడకున్నను, మన మొడలు జలదరించును. తుదకు ఆ ఈలను బట్టియే బుడగలమ్ము ఒక అంధుడు వానిని గుర్తించును.

ఉత్కంఠకు సంగీతము తప్పనిసరి కాదు. 1963లో హిచ్‌కాక్ తీసిన “ది బర్డ్స్” చిత్రమున సాధారణమైన నేపథ్య సంగీతమే లేదు. విద్యుత్ వాద్యముపై పుట్టించిన పక్షుల కూతలును, రెక్కల చప్పుడును దాని స్థానమున నుండెను. అందొక దృశ్యమున ఒక స్త్రీ బడి వెలుపల బెంచీపై కూర్చుండి యుండును. బడి లోపల పిల్లలు పాట పాడుచుందురు. ఆమె వెనుక, పిల్లలాడుకొను ఇనుప చట్రముపై ఒక కాకి వ్రాలును. మరి కొంతసేపటికి మరికొన్ని వ్రాలును. ఆమె చూడదు, మనము చూతుము. పాట మాత్రము తన దారిని సాగుచునే యుండును. తుదకు ఆమె తల త్రిప్పి చూచునప్పటికి చట్రమంతయు కాకులతో నిండియుండును. పిల్లల పాట ఎంత అమాయకముగా నున్నదో మన కలవర మంత అధికమగును.

ధ్వనియే కథయైన చిత్రము మన తీరమును గూర్చియే కలదు. సంకల్ప్ రెడ్డి దర్శకత్వమున 2017లో వెలువడిన “ఘాజీ” అదియే. దానిని కూర్చినవాడు ప్రసిద్ధ ఎడిటరు ఎ. శ్రీకర్ ప్రసాద్. ఆ సంవత్సరపు ఉత్తమ తెలుగు చిత్రముగా దానికి జాతీయ పురస్కారము లభించెను. 1971 భారత–పాకిస్థాన్ యుద్ధకాలమున ఘాజీ అను పాకిస్థాన్ జలాంతర్గామి మన విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచు తలంపుతో విశాఖపట్నపు సముద్రమునకు వచ్చెను. డిసెంబరు 3, 4 తేదీల నడిరేయి అది విశాఖ తీరమునకు సమీపమున మునిగిపోయెను. అందున్నవారిలో ఒక్కరును మిగులలేదు.

జలాంతర్గామికి కిటికీలు లేవు. సముద్రగర్భమున చీకటి. అందుండువారు చెవులతోనే చూడవలెను. అందులకై సోనారు అను పరికర ముండును. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. సముద్రజలమున సుమారు 1500 మీటర్లు పోవును. పంపిన ధ్వని ఒక ఓడకు తగిలి 4 సెకనులకు మరలివచ్చెననుకొనుడు. పోకకు 2 సెకనులు, రాకకు 2 సెకనులు; కావున ఆ ఓడ 3000 మీటర్ల దూరమున నున్నది. కాని ధ్వని పంపినవాని ఉనికి శత్రువునకును తెలిసిపోవును. అందుచేత పొంచియున్న జలాంతర్గామి తాను చప్పుడు చేయక, ఎదుటివాని చప్పుడును వినుటకే యత్నించును.

“ఘాజీ” చిత్రమున ఉత్కంఠ అంతయు ఈ నియమము నుండియే పుట్టినది. మందుపాతర పేలుటచే దెబ్బతిన్న మన జలాంతర్గామి ముందుకు పోలేదు. పైకి, క్రిందికి మాత్రమే కదలగలదు. శత్రువు కనబడడు, సోనారు ముందు కూర్చున్నవాని ముఖము మాత్రము కనబడును. అతడు వినుచున్న ముఖము, నాయకుని ముఖము, శత్రు నౌకలోని నాయకుని ముఖము ఒకదాని వెనుక ఒకటి వచ్చును. కులెషోవ్ చెప్పిన కలయిక ఇచట పనిచేయును. అందరును మౌనముగా నున్నపుడు నిశ్శబ్దమే అన్నిటికంటె పెద్ద ధ్వని యగును. విశాఖ సముద్రతీరమున 2002 నుండి ప్రదర్శనశాలగా నున్న కురుసుర జలాంతర్గామిలోనికి వెళ్లినవారు ఆ ఇరుకు దారులను చూచి యీ సంగతిని బాగుగా గ్రహింపగలరు.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. ఈ చిత్రమున చెప్పబడిన ద్వంద్వయుద్ధము కల్పన. రాజపుత్ అను మన యుద్ధనౌక విడిచిన నీటిబాంబులచే ఘాజీ నశించెనని భారత నౌకాదళము చెప్పును; లోపల సంభవించిన ప్రేలుడు వలన నశించెనని పాకిస్థాన్ వారు చెప్పుదురు. చిత్రమెంత నమ్మదగినట్లున్నను అది చరిత్ర గ్రంథము కాదు. చిత్రమును మెచ్చుకొనవచ్చును, దానినే సాక్ష్యముగా కొనరాదు.

ఈ వివేకము చిత్రశాలకు మాత్రమే పరిమితమైనది కాదు. నేడు కత్తెర ప్రతివాని చేతిలోని సెల్‌ఫోనులో నున్నది. పిల్లల నెత్తుకొనిపోవువారిని గూర్చి జాగ్రత్త చెప్పుటకై పాకిస్థాన్‌లోని కరాచీ నగరమున ఒక చిన్న చిత్రము తీయబడెను. మోటారు సైకిలుపై వచ్చిన ఇద్దరు వీథిలోని బాలుని ఎత్తుకొనిపోవుదురు. వెంటనే వెనుకకు వచ్చి, బాలుని దింపి, హెచ్చరిక వ్రాసిన అట్టను చూపుదురు. ఎవరో ఆ చివరి భాగమును కత్తిరించివేసిరి. మిగిలిన ముక్క నిజమైన అపహరణముగా భారతదేశమంతట చేతినుండి చేతికి ప్రాకెను. ఇట్టి వదంతుల వలన 2018లో పలు రాష్ట్రములందు జనము అమాయకులపై పడి కొట్టిరి. తెలుగునాట కూడ అట్టి దాడులు జరిగెను. ఆ సంవత్సరము జూలై 1వ తేదీన మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామమున భిక్షాటనకై తిరుగు ఐదుగురు అట్లే మరణించిరి. చిత్రశాలలోని భయము దీపములు వెలిగినంతనే తొలగును. ఈ భయము ప్రాణములు తీసెను. సాధనము మాత్రము రెండుచోట్ల ఒక్కటియే: ఒక కత్తిరింపు.

కావున విద్యార్థులు ఒక అభ్యాసము చేయవలెను. ఉత్కంఠ గల దృశ్యమును ఒకమారు ధ్వనితోను, ఒకమారు ధ్వని లేకుండను చూడుడు. ఎన్ని క్షణముల కొకసారి ముక్క మారుచున్నదో లెక్కింపుడు. ఏ చప్పుడు తెర మీద నున్న వస్తువుది, ఏది వెలుపల నుండి చేర్చబడినది విడదీయుడు. మీకు తెలిసినదియు పాత్రకు తెలియనిదియు నేదో వ్రాసికొనుడు. ఇట్లు చేసినచో చిత్రము రుచి తగ్గునని జంకనక్కరలేదు. తాళము తెలిసినవానికి పాట మరింత ఇంపుగా నుండును గదా! ఎవరైన ఒక భయంకరమైన దృశ్యమును మీ చేతి కిచ్చి నమ్ముమన్నపుడు, ఈ ముక్కకు ముందేమి ఉండెను, వెనుక ఏమి ఉండెను, ఈ ధ్వని ఇందులోనిదేనా యని అడుగుడు. సమాధానము దొరకు వరకు దానిని మరియొకరికి పంపకుడు.