నాటుకోడి బేరం: సంకరానికి తొలి తరమే బలం

హైదరాబాద్: నాటుకోడి పులుసు వండే ఫిల్మ్ నగర్, జూబిలీ హిల్స్ హోటళ్లకు సరుకు అందించే వర్తకులు బ్రాయిలర్ కంటె హెచ్చు ధర పెట్టి కోడిని కొంటారు. అయితే రంగురంగుల ఈకలున్న ప్రతి కోడీ నాటుది కాదు. సంకర కోడి అయితే అది ఏ తరానిదో విచారించకుండా బయానా ఇచ్చినవారు తూకంలో నష్టపోతారు.

సంకరం ఎందుకు?

బ్రాయిలర్ ఆరు వారాల్లో సుమారు 2 కిలోలు తూగుతుంది. కాని దానికి లెక్క ప్రకారం మేత, కట్టుదిట్టమైన షెడ్డు కావాలి. మన అసీల్ (పందెం కోడి) మొండిది, కండ గట్టిది. అయితే ఎదుగుదల నెమ్మది, పెట్ట పెట్టే గుడ్లు తక్కువ. ఈ రెండింటికీ మధ్య మార్గమే సంకరం. ఇజ్జత్‌నగర్ కేంద్ర పక్షి పరిశోధన సంస్థ అసీల్‌ను 'కారి రెడ్'తో కలిపి 'కారి నిర్భీక్'ను రూపొందించింది. రాజేంద్రనగర్‌లో 1988లో ఏర్పడిన సంస్థ (నేటి కోళ్ల పరిశోధన డైరెక్టరేట్) పెరటి పెంపకానికి 'వనరాజా'ను ఇచ్చింది. ఇది మాంసానికీ గుడ్లకూ పనికివస్తుంది. అదే సంస్థ 'గ్రామప్రియ' ప్రధానంగా గుడ్ల కోడి. మాంసం బేరగాళ్లు ఈ తేడా గమనించాలి.

రెండో తరంలో తరుగు

వేర్వేరు వరుసలు కలిసినప్పుడు పిల్లలు తల్లిదండ్రుల సగటును మించి ఎదుగుతాయి. దీనినే సంకర తేజం అంటారు. ఊహా లెక్క ఒకటి చూద్దాం. ఒకే వయసులో తండ్రి వరుస 2,000 గ్రాములు, తల్లి వరుస 1,200 గ్రాములు తూగితే సగటు 1,600. తొలి సంకరం 1,760 తూగితే మిగులు 160. ఆ సంకర పిల్లలనే తమలో తాము జతకడితే మిగులులో సగమే నిలుస్తుంది. అంటే తూకం 1,680. నూరు కోళ్లకు 8 కిలోల తరుగు. పైగా కొన్ని తాతను, కొన్ని అమ్మమ్మను పోలి సైజులు కలగాపులగమవుతాయి.

ఇంటి పద్ధతి

నాటు పెట్టలు ఎనిమిది, పదింటికి ఒక మేలుజాతి పుంజు చాలు. పాత పుంజును తీసివేశాక రెండు మూడు వారాల గుడ్లు పొదుగుకు వాడరాదు. పాత పుంజు ప్రభావం అంతవరకు ఉంటుంది. వారం లోపు గుడ్లనే ఏరి, పొదుగు పెట్ట కింద పది, పన్నెండు ఉంచాలి. పిల్ల 21 రోజులకు వస్తుంది. పుట్టిన సంకర పుంజులన్నీ మాంసానికే. వచ్చే ఈడుకు పుంజును బయటి నుంచి తేవాలి. సంకరమైనా టీకాలు తప్పవు. ఏడో రోజున కొక్కెర తెగులుకు లాసోటా చుక్కలు, పద్నాలుగో రోజున గంబోరో టీకా వేయించాలి.

బేరానికి ముందు

పిల్లలు ఎక్కడివి, ఏ తరానివి, వయసెంత, టీకాలు ఎప్పుడు వేశారు అన్నవి అడిగి రాసుకోవాలి. ఒకే వయసు పుంజులు పదింటిని విడివిడిగా తూయాలి. తూకాల్లో తేడా మరీ ఎక్కువగా ఉంటే రెండో తరమేమోనని అనుమానించి, ధర ఖాయం చేసే ముందు మరోసారి విచారించడం మేలు.