పాత పటములు క్రొత్త కూర్పులోనికి

విద్యార్థులారా! ఇల్లుగాని, వంతెనగాని, విమానముగాని కట్టుటకు ముందు దాని పటము సిద్ధము కావలెను. పూర్వము డ్రాఫ్ట్స్‌మన్ బల్లమీద కాగితము పరచి పటము గీసెడివాడు. నేడా పని కంప్యూటరులో క్యాడ్ అను సాఫ్ట్‌వేరుతో జరుగుచున్నది. కాగితముమీది పటమును ఎన్నియేండ్లకైనను కంటితో చదువవచ్చును. కంప్యూటరు పటమునైతే సాఫ్ట్‌వేరే చదివి మనకు చూపవలెను. కావున సాఫ్ట్‌వేరు క్రొత్త కూర్పు వచ్చినపుడు పాత పటములను దానిలోనికి మార్చుకొనవలసి యుండును.

ఫైలు తెరచుకొన్నంతమాత్రమున ఈ మార్పిడి ముగిసినదని తలంపరాదు. ఎయిర్‌బస్ సంస్థవారి ఏ-380 విమానమే ఇందుకు నిదర్శనము. దాని పటములను జర్మనీలోని హాంబర్గువారు కాటియా అను సాఫ్ట్‌వేరు 4వ కూర్పులోను, ఫ్రాన్సులోని టూలూజువారు 5వ కూర్పులోను గీసిరి. 5వ కూర్పు పాతదానికి చిన్న సవరణ కాదు. మొదటినుండి తిరిగి వ్రాయబడినది. పటములు ఒకదానినుండి మరియొకదానికి మారునపుడు వివరములు సరిగా చేరలేదు. ఒక్కొక్క విమానములో సుమారు 500 కిలోమీటర్ల తీగ కలదు. తీరా బిగించునపుడు కొన్ని తీగకట్టలు పొట్టివై అందలేదు. 2006లో బయటపడిన పెద్ద జాప్యమునకు ఇది ముఖ్యకారణములలో నొకటి. మొదటి విమానము 2007 అక్టోబరు 15న గాని కొనుగోలుదారునకు చేరలేదు.

మార్పిడి చేయువారు పాటింపవలసిన క్రమమును చెప్పుచున్నాము.

1. మూల ఫైళ్లను ముట్టక వేరుగా భద్రపరచి, ప్రతులమీదనే పనిచేయవలెను.

2. పటము వాడుకొను అక్షరముల ఫాంట్లు, దానికి జతపరచిన యితర పటములు తరచుగా వేరు ఫైళ్లలో నుండును. వానినిగూడ వెంట తీసికొనిపోవలెను. పాత తెలుగు ఫాంటు క్రొత్త యంత్రములో లేనిచో, మన యక్షరములు అర్థములేని గుర్తులుగా కనబడును.

3. ఆటోక్యాడ్‌లో ఆడిట్ అను ఆజ్ఞతో ఫైలులోని దోషములను వెదకి సరిచేయవలెను.

4. ముందుగా రెండు మూడు పటములను మాత్రమే మార్చి, తెలిసిన కొలతలను కొలిచి, పాత ముద్రితప్రతితో సరిచూడవలెను. సరిపోయిన పిమ్మటనే తక్కినవి.

5. క్రొత్త కూర్పు పాత ఫైలును చదువును గాని, పాత కూర్పు క్రొత్త ఫైలును సాధారణముగా చదువలేదు. పాత కూర్పు గలవారికి పటము పంపునపుడు వారి కూర్పులోనే భద్రపరచి పంపవలెను.

అభ్యాసము: ఆటోక్యాడ్ ఫైలు ప్రతినొకదానిని నోట్‌ప్యాడ్‌లో తెరచి, మొదటి ఆరు గుర్తులను చూడుడు. ఏసీ1015 అని యున్న అది 2000 సంవత్సరపు కూర్పు పద్ధతి. ఏసీ1032 అని యున్న 2018 నాటిది. చూచిన పిదప ఏమియు మార్చక, భద్రపరచక మూసివేయుడు.