ఊదమంటే నొచ్చుకోవద్దు

రాత్రి వలీమా నుంచి తిరిగి వస్తుంటే పోలీసులు బండి ఆపి బ్రెత్ ఎనలైజర్‌లో ఊదమంటారు. "చుక్క ముట్టని నన్నా?" అని మనలో చాలామందికి మనసు చివుక్కుమంటుంది. మద్యం హరామ్ కాబట్టి ఈ తనిఖీతో మనకు పనిలేదనుకుంటాం. అది పొరపాటు.

తూలేవాణ్ణి మాత్రమే ఆపితే, తాగి కూడా నిబ్బరంగా కనిపించేవాడు తప్పించుకుంటాడు. ఎవరినైనా ఆపుతారని తెలిస్తేనే తాగినవాడు తాళంచెవి పక్కన పెడతాడు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 1982 డిసెంబరులో ఇలాంటి తనిఖీలు మొదలయ్యాక రోడ్డు మరణాలు బాగా తగ్గాయి. ప్రజల మద్దతూ పెరిగింది.

మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే వాహనం నడపడం నేరం. 2019 సవరణతో మొదటిసారికి 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే 2 సంవత్సరాల వరకు జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ.

అయినా "పాపం, దొరికిపోయాడు" అనేవారే మన చుట్టూ కనిపిస్తారు. పలుకుబడి గల పెద్దలకు ఇక్కడే పరీక్ష. అర్ధరాత్రి ఫోన్ వస్తుంది: "చాచా, ఇన్‌స్పెక్టర్ గారితో ఒక్క మాట చెప్పండి." మంచి సిఫారసు చేసినవారికి ఆ మంచిలో, చెడు సిఫారసు చేసినవారికి ఆ చెడులో భాగం ఉంటుందని దివ్య ఖుర్ఆన్ (అన్-నిసా: 85) తెలుపుతోంది. మఖ్జూమ్ తెగ స్త్రీ దొంగతనం చేసినప్పుడు, తనకెంతో ప్రియమైన ఉసామా బిన్ జైద్ (రజి) చేసిన సిఫారసును కూడా దైవప్రవక్త (స) అంగీకరించలేదు.

ప్రమాదంలో ఇంటి పెద్దను కోల్పోయిన కుటుంబానికి రేషన్, పిల్లలకు ఫీజు ఇవ్వడం పుణ్యకార్యం. ఆ పిల్లలు అనాథలు కాకుండా చూడటం అంతకన్నా ముందు చేయవలసిన పని. దారిలో హాని కలిగించేదాన్ని తొలగించడమూ సదఖాయే అని హదీసు చెబుతోంది. తాగినవాడు నడిపే బండి కన్నా ప్రమాదకరమైన ముల్లు దారిలో ఇంకేముంటుంది?

కాబట్టి ఊదమంటే చిరునవ్వుతో ఊదుదాం. విడిపించమని ఫోన్ వస్తే, సున్నితంగానే కాదందాం. మరునాడు ఆ యువకుణ్ణి తాగుడు మాన్పించే వైద్యుని దగ్గరకు మనమే వెంటబెట్టుకుని వెళదాం. అదే మంచి సిఫారసు. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్.