కరోనా వైరసు - కణము మీది చక్కెర

కరోనా వైరసు మన శరీర కణములపై నుండు చక్కెరను ఊతగా పట్టుకొని లోనికి ప్రవేశించునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఈ మాట గ్రామములో పలికినచో వెంటనే పుట్టు ప్రశ్న ఒకటి కలదు. "అట్లయిన బెల్లము, పంచదార మానివేసిన రోగము రాదు గదా?" మధుమేహము గలవారికి భయము మరింత హెచ్చును. ఇట్టి ప్రశ్న పంచాయతీ సభ్యుని యొద్దకు వచ్చినప్పుడు సరియైన సమాధానము చెప్పవలసియుండును గనుక, ఈ విషయమును కొంత వివరింపదలచితిమి.

ఇక్కడ చక్కెర యనగా కాఫీలో వేసికొనునది కాదు. ప్రతి కణము తన ఉపరితలమున చక్కెర అణువులను గొలుసులుగా కూర్చి, దుప్పటివలె కప్పుకొనియుండును. ఆ గొలుసులను కణము తానే తయారుచేసికొనును. ఒక పూట తీపి మానినంతమాత్రమున అవి తొలగిపోవు. రక్తదాన శిబిరములలో ఎ గ్రూపు, బి గ్రూపు అని వ్రాయుట మీరెరుగుదురు. ఎర్రరక్తకణముపై గొలుసు కొసన నుండు ఒక్క చక్కెర అణువులోని తేడాయే ఆ రెండు గ్రూపుల తేడా. మధుమేహ రోగులకు కరోనా తీవ్రముగా వచ్చుట నిజమే గాని, దానికి కారణము వేరు: రక్తములో చక్కెర అదుపు తప్పినచో శరీరపు రోగనిరోధక శక్తి సన్నగిల్లును. కావున వారు మందు మానరాదు.

వైరసు మీద ముళ్లవలె లేచియుండు మాంసకృత్తులు కలవు. మన కణములపై ఏసీఈ-2 అను మరియొక మాంసకృత్తు కలదు. ముల్లు దానిని పట్టుకొనిన పిమ్మటనే సాధారణముగా వైరసు లోనికి పోవును. అయితే అంతకు ముందే హెపరాన్ సల్ఫేటు అను చక్కెర గొలుసు ముల్లును ఆకర్షించును. గొలుసునకు ఋణ విద్యుదావేశము, ముల్లు కొసలో కొంత భాగమునకు ధన విద్యుదావేశము ఉండుటయే దీనికి కారణము. రేపల్లె ప్రాంతపు పెద్దలు పెనుమూడి రేవున పడవ ప్రయాణము మరచియుండరు. ఏటి వడిలో పడవ తిన్నగా గట్టుకు తగులదు. త్రాడును గుంజకు వేసి నిలిపి, తరువాత గట్టునకు చేర్తురు. హెపరాన్ సల్ఫేటు ఆ గుంజవంటిది, ఏసీఈ-2 గట్టువంటిది.

2020లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాండియాగో శాఖవారు ఈ సంగతిని ప్రయోగశాలలో చూపిరి. కణములపై ఆ గొలుసులను తొలగించగా వైరసు సోకుట మిక్కిలి తగ్గినది. అదే జాతికి చెందిన హెపారిన్ అను మందును కలిపినప్పుడును ముల్లు దానికే చిక్కుకొని కణమును వదలినది. ఆసుపత్రులలో హెపారిన్ ఇచ్చినది మాత్రము ప్రధానముగా రక్తము గడ్డకట్టకుండుటకే. దానిని ఎవరును స్వయముగా వాడరాదు.

హైదరాబాదులోని బయలాజికల్-ఇ సంస్థవారి కోర్బెవ్యాక్స్ టీకా ఈ ముల్లు కొసనుండియే పుట్టినది. గట్టును పట్టు ఆ భాగమును మాత్రమే ఈస్టు కణములలో పెంచి టీకాగా చేసిరి. 2022 మార్చి 16 నుండి 12-14 ఏండ్ల పిల్లలకు ఇచ్చినది ఇదియే.

చక్కెరను పట్టు విద్య కరోనా ఒక్కదానిదే కాదు. కోళ్ల ఫ్లూ వైరసు సియాలిక్ ఆమ్లమను చక్కెరను పట్టుకొనును. అది పక్షుల కణములపై అతికియుండు తీరు వేరు, మనుష్యుని ముక్కు, గొంతులలో చాలవరకు అతికియుండు తీరు వేరు. కాని మన ఊపిరితిత్తుల లోతున పక్షుల తీరు గలదియు ఉన్నది. అందుచేత ఆ వ్యాధి మనకు అరుదుగా సోకును, సోకినచో ప్రాణాపాయకరము. 2025 ఫిబ్రవరిలో తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాల కోళ్లలో ఇది నిర్ధారణ యైనది. కృష్ణా డెల్టాకు అది ఎంతో దూరము కాదు.

కోళ్లు మూకుమ్మడిగా చచ్చినప్పుడు కళేబరములను కాలువలో త్రోయుట కంటె చెడ్డపని లేదని మా అభిప్రాయము. 2022లో జిల్లాలు విడిపోయి తెనాలి గుంటూరు జిల్లాలోను, రేపల్లె బాపట్ల జిల్లాలోను ఉన్నను, కాలువ నీటికి ఆ భేదము తెలియదు. దిగువ గ్రామముల మంచినీటి చెరువులు నిండునది ఆ నీటితోనే. చచ్చిన కోళ్లను వట్టి చేతులతో తాకనీయక, వెంటనే పశువైద్యునికి కబురు పంపి, ఆయన చెప్పిన చోట లోతైన గొయ్యి త్రవ్వించి, సున్నము చల్లి పూడ్పించవలెను. గొయ్యి మంచినీటి చెరువునకు, బావులకు దూరముగా నుండునట్లు స్థలమును పంచాయతీవారు ముందుగానే చూచియుంచుట మేలు.