పసుపు బాయిలరును కాచు స్ప్రింగు

సంక్రాంతి పండుగ గడచినది మొదలు ఆర్మూరు చుట్టుప్రక్కల గ్రామములలో పసుపు త్రవ్వకము ముమ్మరమగును. త్రవ్విన పసుపులో కొమ్ములను, దుంపలను వేరుచేసి, ఉడికించి, కల్లములో పది పదునైదు దినములు ఎండబెట్టి, మెరుగుపెట్టి, సంచుల కెత్తి రైతులు మార్కెట్టు యార్డునకు తరలింతురు. పూర్వము ఈ ఉడికించు పని పెద్ద కడాయిలలో నీరు పోసి, క్రింద మంట పెట్టి చేసెడివారు. నేడు అనేక గ్రామములలో ఆవిరి బాయిలర్లు వాడుకలోనికి వచ్చినవి. ఒక పీపాలో నీరు మరిగి ఆవిరి పుట్టును. ఆ ఆవిరి గొట్టముల గుండ పసుపు నింపిన డ్రమ్ములలోనికి పోవును. ఇందువలన కట్టెలు తక్కువ పట్టును. పని త్వరగా తెమలును. పసుపు సమముగా ఉడుకును. ఇది మేలైన మార్పే.

అయితే కడాయికి లేని ప్రమాద మొకటి బాయిలరునకు కలదు. మూత లేని కడాయిలో నీరు ఎంత మరిగినను ఆవిరి గాలిలో కలిసిపోవును. మూసియున్న బాయిలరులో ఆవిరికి దారి దొరకనిచో లోపలి ఒత్తిడి క్షణక్షణమునకు పెరుగుచుండును. ఆ ఒత్తిడి హద్దు మీరకుండ కాచుటకై బాయిలరు తలపై సేఫ్టీ వాల్వు అమర్చబడి యుండును. ఆ వాల్వు ప్రాణమంతయు దానిలోని చిన్న స్ప్రింగులో నున్నది. ఈ స్ప్రింగు ఏ లోహముతో నెట్లు తయారగునో, దాని బిగువును ఎవరు పడితే వారు ఎందుకు మార్చరాదో పంచాయతీ సభ్యులు తెలిసికొని తమ గ్రామస్థులకు తెలియజెప్పుట అవసరమని తలచి, ఈ విషయము నిచ్చట వివరించుచున్నాము.

స్ప్రింగు చేయు పని

నొక్కినప్పుడు అణగి, వదలినప్పుడు తిరిగి తన పూర్వరూపమును పొందు లోహపు చుట్టయే స్ప్రింగు. దీని ధర్మమును ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్ 1678లో లోకమునకు వెల్లడించెను. ఒక కిలో బరువునకు ఒక సెంటీమీటరు అణగు స్ప్రింగు రెండు కిలోలకు రెండు సెంటీమీటర్లు అణగును. దాని శక్తికి మించి నొక్కనంతవరకు ఈ లెక్క తప్పదు. కొక్కెమునకు తగిలించి తూచు స్ప్రింగు త్రాసు ఈ సూత్రము మీదనే పని చేయుచున్నది.

సేఫ్టీ వాల్వు కూడ ఒక విధముగా త్రాసే. ఒక ప్రక్క ఆవిరి త్రోపు, రెండవ ప్రక్క స్ప్రింగు బలము. వాల్వు రంధ్రము 25 మిల్లీమీటర్ల అడ్డుకొలత గలదనుకొందము. దాని వైశాల్యము సుమారు 4.9 చదరపు సెంటీమీటర్లు. లోపలి ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు ఒక కిలో చొప్పున నున్నచో ఆవిరి ఆ మూతను దాదాపు 5 కిలోల బలముతో పైకి త్రోయును. స్ప్రింగును కూడ అంతే బలముతో మూతపై నొక్కి యుంచినచో, ఒత్తిడి ఆ హద్దు దాటినంతనే మూత లేచి ఆవిరి బయటికి పోవును. ఒత్తిడి తగ్గగానే స్ప్రింగు మూతను మరల మూయును. ఇందుకు మనిషి కాపలా అక్కరలేదు.

ఇదే సమయమున బాయిలరు పీపా ప్రక్కపలక మీద ఎంత త్రోపు పడుచున్నదో చూతము. పలక అడ్డుకొలత 60 సెంటీమీటర్లయినచో వైశాల్యము 2,827 చదరపు సెంటీమీటర్లు. అనగా అదే ఒత్తిడిలో దానిపై 2,827 కిలోల త్రోపు పడును. అయిదు కిలోల బలము గల చిన్న స్ప్రింగు ఇరువది ఎనిమిది క్వింటాళ్ల త్రోపును హద్దులో నుంచుచున్నదన్నమాట.

ఉక్కు, త్రుప్పు

మన జిల్లాకు ఉక్కు క్రొత్త గాదు. నేటి కమ్మర్‌పల్లి మండలములోని కోనసముద్రము ఒకనాడు మూసలలో కరిగించి చేయు మేలైన ఉక్కునకు దూరదేశములలో ప్రసిద్ధి గన్నది. ఆ ఉక్కును కొనుటకు పర్షియా వర్తకులు అచ్చటికి వచ్చెడివారు. 19వ శతాబ్ది తొలినాళ్లలో వాయిసీ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ గ్రామమును దర్శించి, అచ్చటి పద్ధతిని వర్ణించి వ్రాసెను. ఆ ఉక్కుతో చేసిన కత్తులకు ఎంత పేరున్నను, తడి తగిలిన త్రుప్పు పట్టుట మాత్రము తప్పెడిది కాదు.

త్రుప్పు పట్టని ఉక్కును 1913లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున హ్యారీ బ్రేర్లీ రూపొందించెను. ఉక్కులో నూటికి పదిన్నర పాళ్లకు తక్కువ గాకుండ క్రోమియము కలిపినచో, ఆ క్రోమియము గాలిలోని ప్రాణవాయువుతో కలిసి ఉక్కుపై కంటికి కనబడని పలుచని పొరగా ఏర్పడును. ఈ పొర గీరుకొని పోయినను గాలి తగిలి మరల తానే ఏర్పడుట దీని విశేషము. దీనినే మనము స్టెయిన్‌లెస్ స్టీలు అనుచున్నాము. మన దేశమున క్రోమియపు ఖనిజము ముఖ్యముగా ఒడిశాలోని సుకిందా లోయలో లభించుచున్నది. స్ప్రింగులకు ఎక్కువగా వాడు రకములో నూటికి 18 పాళ్లు క్రోమియము, 8 పాళ్లు నికెలు ఉండును. ఉప్పునీటి తాకిడి గల చోట్ల మాలిబ్డినము కూడ కలిపిన రకమును వాడుదురు.

త్రుప్పు వలన స్ప్రింగునకు కలుగు నష్టము కంటికి కనబడు దానికంటె ఎక్కువ. స్ప్రింగు బిగువు తీగ మందమును నాలుగుమార్లు హెచ్చించిన లెక్కను బట్టి యుండును. 2 మిల్లీమీటర్ల తీగ త్రుప్పు తిని 1.8 మిల్లీమీటర్లయినచో మందము పోయినది పదవ వంతే. కాని బిగువు దాదాపు మూడవ వంతు పోవును. అప్పుడు వాల్వు ముందుగనే తెరచుకొని ఆవిరి కారుట మొదలిడును. అంతకంటె అపాయకరమైనది వేరొకటి కలదు. త్రుప్పు, నీటిలోని సున్నపు చౌడు కలిసి మూతను దాని గద్దెకు అంటించివేసినచో, ఒత్తిడి ఎంత పెరిగినను వాల్వు తెరచుకొనదు. ఇంతియేగాక సాధారణ కర్బనపు ఉక్కు తీగ 120 డిగ్రీల వేడి దాటిన పిమ్మట బిగువు సడలును. ఒక కిలో ఒత్తిడి గల ఆవిరి వేడి ఇంచుమించు 120 డిగ్రీలే. స్టెయిన్‌లెస్ స్టీలు స్ప్రింగు 250 డిగ్రీల వరకు సులభముగా తాళును. కావుననే ఇట్టి వాల్వులకు దానిని కోరుదురు.

తయారగు విధము

ఉక్కు కర్మాగారము నుండి సన్నని కడ్డీ చుట్టలుగా వచ్చును. ఈ కడ్డీని మిక్కిలి గట్టి లోహపు అచ్చుల రంధ్రముల గుండ, ఒకదాని తరువాత ఒకటిగా, చల్లగా నుండగనే లాగుదురు. ప్రతి అచ్చులోను తీగ సన్నమగును, గట్టిపడును. మన కమ్మరి కొడవలిని కొలిమిలో ఎర్రగా కాల్చి నీట ముంచి గట్టిపరచును గదా! ఈ రకపు స్టెయిన్‌లెస్ స్టీలు అట్లు గట్టిపడదు. చలువగా లాగుటయే దానికి బలము. ఇట్టి స్ప్రింగు తీగకు భారత ప్రమాణముల సంస్థవారు ఐ.ఎస్. 4454 నాలుగవ భాగమున ప్రమాణములు నిర్ణయించియున్నారు.

తరువాత తీగను చుట్టవలెను. పెద్ద కర్మాగారములలో కంప్యూటరు నడుపు యంత్రము తీగను ముందుకు త్రోసి, గట్టి మొనలకు ఆనించి వంచి, కొలత ప్రకారము చుట్టి కత్తిరించును. చిన్న కార్ఖానాలలో లేతు మీద ఒక కడ్డీకి చుట్టుదురు. చుట్టి వదలగానే స్ప్రింగు కొంత విచ్చుకొనును. కావున కడ్డీని కావలసిన కొలత కంటె సన్నముగా నెన్నుకొందురు. చుట్టు అడ్డుకొలత తీగ మందమునకు నాలుగు మొదలు పండ్రెండు రెట్ల వరకు ఉండుట వాడుక.

వంచుటవలన తీగలో లోపలి బిగువులు నిలిచియుండును. వానిని సడలించుటకై స్ప్రింగులను సుమారు 350 డిగ్రీల వేడిగల పొయ్యిలో అరగంట ఉంచుదురు. పిమ్మట కొనలను సానపట్టి చదునుచేయుదురు. కొన చదునుగా లేనిచో స్ప్రింగు ఒరిగి, మూత ఒక ప్రక్కనే లేచును. తదుపరి స్ప్రింగును చుట్టునకు చుట్టు తగులునట్లు పలుమార్లు నొక్కుదురు. అణగవలసినదేదో ఇచ్చటనే అణగిపోవును గావున వాడుకలో దాని పొడవు మరల తగ్గదు. పనిముట్ల నుండి అంటిన ఇనుప రజను పోవుటకై ఆమ్లములో కడుగుదురు. చివరకు ఎంత బరువునకు ఎంత అణగునో కొలిచి, లెక్కకు సరిపడనివానిని తీసివేయుదురు.

పరిశ్రమలలో ఉపయోగము

బోరు నీటిని తోడు పంపులలో నీరు కారకుండ ఆపు సీలు నొక్కియుంచునది, మందు కొట్టు స్ప్రేయరు మీటను తిరిగి మూయునది, నీటి పథకములలో నీరు వెనుకకు రాకుండ నిలుపు వాల్వును మూయునది చాలచోట్ల ఇట్టి స్ప్రింగులే. పాలు, ఆహారము, ఔషధములు తయారుచేయు యంత్రములలో త్రుప్పు రేణువైనను సరకులో పడరాదు గనుక అచ్చట వీని అవసరము మెండు. అయినను అన్నిచోట్లకు ఇదియే మేలనుట సరికాదు. లారీ పట్టాలకు, ట్రాక్టరు నాగలి స్ప్రింగులకు వెల తక్కువ, బలమెక్కువ గల వేరు ఉక్కులే తగినవి. తుదకు స్టెయిన్‌లెస్ స్టీలునకు కూడ ఒక బలహీనత కలదు. ఉప్పుదనము, వేడి కూడిన నీరు నిలిచియున్నచో దానిలో గుంటలు, సన్నని పగుళ్లు పుట్టవచ్చును.

పొరపాటు జరుగు చోటు

బాయిలరు నడుచుచుండగా వాల్వు నుండి ఆవిరి కారుట కనిపించినచో, కట్టెలు వృథాయగుచున్నవని ఎవరికైనను తోచును. మరను ఇంకొక చుట్టు బిగింతమనియో, మీటకు రాయి వ్రేలాడదీయుదమనియో బుద్ధి పుట్టును. ఈ బుద్ధి మనకే పుట్టినది గాదు. ఇంగ్లండులో రైలింజను నడుపువారు ఎక్కువ ఒత్తిడి కొరకు వాల్వులను బిగించి కట్టి, ప్రేలుళ్లు కొనితెచ్చుకొనెడివారు. అందువలన 1850 ప్రాంతముల తరువాత జాన్ రామ్స్‌బాటమ్ అను ఇంజనీరు, నడుపువాడు బిగింపజాలని స్ప్రింగు వాల్వును కల్పింపవలసి వచ్చెను.

బిగించిన బాయిలరు పగిలినచో జరుగునది ఇది. మూసిన పీపాలో నీరు నూరు డిగ్రీలు దాటియుండును. ఒత్తిడి ఒక్కసారిగా పోగానే ఆ నీటిలో కొంత భాగము తృటిలో ఆవిరియగును. నీరు ఆవిరియైనచో దాదాపు 1,600 రెట్ల చోటు కావలెను. అప్పుడు పలకలు ఎగురును; దగ్గర పని చేయు కూలీలు, ఆడుకొను బిడ్డలు తప్పించుకొను వ్యవధి ఉండదు. కారుచున్న వాల్వు బిగించుమని చెప్పుటలేదు; నన్ను బాగుచేయించుడని చెప్పుచున్నది.

పంచాయతీ సభ్యులు చేయదగినది

బాయిలర్లకు సంబంధించి 1923 నాటి చట్టము స్థానమున 2025లో పార్లమెంటు క్రొత్త చట్టము చేసినది. 25 లీటర్లకు తక్కువ పట్టునవి, చదరపు సెంటీమీటరునకు ఒక కిలో కంటె తక్కువ ఒత్తిడితో నడుచునవి దాని పరిధిలోనికి రావు. తక్కినవానికి రిజిస్ట్రేషను, తనిఖీ, ధ్రువపత్రము తప్పనిసరి. గ్రామములోని బాయిలరు ఏ కోవకు చెందునో రాష్ట్ర బాయిలర్ల శాఖ వారి నడిగి తెలిసికొనవలెను. చట్టము పరిధిలో లేనంతమాత్రమున ఆవిరి మనలను మన్నింపదు.

పసుపు త్రవ్వకమునకు ముందే, గ్రామసభలో ఈ క్రింది విషయములు చర్చించి బాయిలరు యజమానులకు తెలుపుట మేలు.

మొదటిది: సీజను ఆరంభమున వాల్వు విప్పించి, మూతను గద్దెను శుభ్రపరచి, స్ప్రింగును పరీక్షింపజేయవలెను. ఇది ఎరిగిన పనివాడు చేయవలసిన పని.

రెండవది: పాత స్ప్రింగు స్థానమున బజారులో దొరికిన, చూచుటకు అట్లేయున్న స్ప్రింగును వేయరాదు. ఒకే కొలతలు గల కర్బనపు ఉక్కు, స్టెయిన్‌లెస్ స్టీలు స్ప్రింగుల బిగువు ఒకటి గాదు. రెండవది సుమారు నూటికి పది పాళ్లు మెత్తన. వాల్వు తయారుచేసినవారి స్ప్రింగునే తెప్పింపవలెను.

మూడవది: అయస్కాంతమునకు అంటుకొన్నంతమాత్రమున అది స్టెయిన్‌లెస్ స్టీలు గాదని తలపరాదు. చలువగా లాగిన ఈ తీగ కొంత అంటుకొనును. నమ్మదగిన దుకాణపు బిల్లు, తయారీదారు ధ్రువపత్రము చూచుకొనుటయే సరియైన పరీక్ష.

నాలుగవది: బిగింపు మరకు వేసిన సీలును యజమాని గాని, డ్రైవరు గాని త్రెంపరాదు. ఒత్తిడి చూపు గడియారముపై హద్దు వద్ద ఎర్రగీత గీయించి, ముల్లు గీత దాటినను వాల్వు తెరచుకొననిచో మంట లాగివేసి అందరును దూరముగా పోవలెను.

అయిదవది: బాయిలరు నడుచు కల్లములో పిల్లలను చేరనీయరాదు.

పసుపు ధర ఒక ఏడు తగ్గినను మరుసటి ఏడు పెరుగవచ్చును. కల్లములో పోయిన ప్రాణము మాత్రము ఏ మార్కెట్టులోను దొరకదు. ఒక స్ప్రింగు వెల ఎంత? బాయిలరు బాడుగతో పోల్చిన అది లెక్కకు రాదు. ఈ చిన్న ఖర్చును, ఒక పూట శ్రమను ఓర్చునట్లు తమ గ్రామమువారిని ఒప్పించిన పంచాయతీ సభ్యుడు, గ్రామమునకు రోడ్డు వేయించిన సభ్యునితో సమానముగా సేవ చేసినవాడగునని మా విశ్వాసము.