మత్తు మందు ఇస్తే గుండెకు ఏమవుతుంది?

ఆపరేషన్ అనగానే మన రోగుల్లో చాలామందికి కోత కంటే మత్తు అంటేనే భయం. "మత్తులో గుండె ఆగిపోదు కదండీ?" అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. జవాబు తెలియాలంటే ముందు గుండె ఎలా కొట్టుకుంటుందో కొంచెం తెలుసుకోవాలి.

గుండె కుడివైపు పై గదిలో ఒక చిన్న కణాల ముద్ద ఉంది. మనం విశ్రాంతిగా ఉన్నప్పుడు అది నిమిషానికి 60 నుండి 100 సార్లు సన్నని విద్యుత్తును పుట్టిస్తుంది. అది కింది గదులకు పాకినప్పుడు కండరం ముడుచుకుని రక్తాన్ని తోస్తుంది. సోడియం, పొటాషియం, కాల్షియం లవణాలు కణాల గోడల్లోని ద్వారాల గుండా కదలడం వల్లనే ఈ విద్యుత్తు పుడుతుంది. ఇ.సి.జి. కాగితం మీద మీరు చూసే గీతలు దాని బొమ్మే.

మత్తు మందు మెదడు కోసం ఇచ్చినా, రక్తంలో కలిసి గుండెకూ చేరుతుంది. పాలలా తెల్లగా ఉండే ప్రొపొఫాల్ బి.పి.ని తగ్గిస్తుంది, కొందరిలో నాడిని నెమ్మది చేస్తుంది. కెటమిన్ నాడిని పెంచుతుంది. పీల్చే మందులైన సెవోఫ్లూరేన్, ఐసోఫ్లూరేన్ ప్రతి దెబ్బ తర్వాత గుండె మళ్ళీ సిద్ధం కావడానికి పట్టే సమయాన్ని కొంచెం పొడిగిస్తాయి. నడుముకు ఇచ్చే ఇంజెక్షన్‌లో తిమ్మిరి ఛాతీ పైభాగం దాకా ఎక్కితే, గుండెను వేగపరిచే నరాలు కూడా మొద్దుబారి నాడి పడిపోతుంది. అలాంటప్పుడు అట్రోపిన్ వంటి మందులతో వెంటనే సరిచేస్తారు.

ఈ విషయంలో మన హైదరాబాదుకు ఒక చరిత్ర ఉంది. క్లోరోఫాం గుండెను ఆపుతుందా, ఊపిరిని ఆపుతుందా అన్న వాదన తేల్చడానికి నిజాం ప్రభుత్వ ఖర్చుతో 1888లో, 1889లో ఇక్కడ రెండు కమిషన్లు పనిచేశాయి. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నడిపించారు. ఊపిరిని గమనిస్తే చాలు, గుండెకు భయం లేదని వారు తేల్చారు. అది పూర్తి నిజం కాదు. 1911లో లెవీ అనే వైద్యుడు పిల్లులపై పరీక్షించి, తేలికపాటి క్లోరోఫాం మత్తుకు అడ్రినలిన్ తోడైతే గుండె కింది గదులు లయ తప్పి వణికి ఆగిపోతాయని చూపించాడు. భయపడినప్పుడు మన ఒంట్లో ఊరేది ఆ అడ్రినలినే! క్లోరోఫాం ఎప్పుడో పోయింది గానీ, మత్తుకు ముందు రోగిని స్థిమితపరచడం ఉత్త మర్యాద కాదని ఇందువల్ల తెలుస్తుంది.

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు, "మీ ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి చనిపోయారా?" అని అడిగితే కొందరు అపశకునమని నొచ్చుకుంటారు. ఆడపిల్లకు స్పృహ తప్పిన సంగతైతే, సంబంధాలు చెడతాయని దాచేస్తారు. దయచేసి దాచకండి. కొన్ని కుటుంబాల్లో గుండె మళ్ళీ సిద్ధమయ్యే సమయం పుట్టుకతోనే ఎక్కువ. వారు పరుగెత్తినప్పుడో, ఉలిక్కిపడినప్పుడో పడిపోతే ఇంట్లోవాళ్ళు మూర్ఛ అనుకుంటారు. పైన చెప్పిన పీల్చే మందులు, వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ వీరిలో ప్రమాదకరం కావచ్చు. ముందే తెలిస్తే వేరే మందులు వాడవచ్చు.

వాడుతున్న మాత్రలన్నీ, నాటు మందులతో సహా, చూపించండి. అటెనోలాల్, మెటోప్రోలాల్ వంటివి మీ అంతట మీరు ఆపేస్తే గుండె ఒక్కసారిగా వేగం పుంజుకుంటుంది. నీరు పోయే మాత్రలు, విరేచనాలు పొటాషియంను తగ్గిస్తాయి. అది తగ్గితే లయ తప్పడం తేలిక. పేస్‌మేకర్ ఉన్నవారు దాని కార్డు తీసుకురావాలి, ఎందుకంటే రక్తం ఆపడానికి వాడే కరెంటు దాన్ని తికమక పెట్టగలదు.

థియేటర్లో ఛాతీకి స్టిక్కర్లు, వేలికి క్లిప్పు పెడతారు. నడుము ఇంజెక్షన్‌తో మెలకువగా ఉన్నవారికి యంత్రం టిక్‌టిక్‌మనడం వినిపిస్తుంది. మధ్యలో గంట మోగితే కంగారు పడవద్దు, స్టిక్కరు ఊడినా మోగుతుంది. వికారంగా ఉన్నా, కళ్ళు తిరిగినా, ఛాతీ బరువెక్కినా మాత్రం మీ తల దగ్గర కూర్చున్న డాక్టరుకు వెంటనే చెప్పండి.