మాట్లాడని ముప్ఫై మంది కోసం

"ఏమైనా సందేహాలున్నాయా?" అని ట్రైనర్ అడుగుతాడు. ముందు వరసలోని ఇద్దరు, పొద్దుటి నుంచీ మాట్లాడుతున్నవాళ్లే, మళ్లీ అందుకుంటారు. మిగతా ముప్ఫై మంది తలవంచుకుంటారు. వాళ్లకు చెప్పేది లేక కాదు. ఆలోచించుకోవడానికి మనం వ్యవధి ఇవ్వలేదు, అంతే.

నాకు బాగా పనికొచ్చింది 6-3-5 పద్ధతి. 1960ల చివర్లో జర్మనీకి చెందిన బెర్న్డ్ రోర్‌బాఖ్ దీన్ని రూపొందించారు. ఆరుగురు ఒక బల్ల చుట్టూ కూర్చోవాలి. ఒక్కొక్కరూ ఐదు నిమిషాల్లో మూడు ఆలోచనలు రాసి, కాగితం పక్కవాళ్లకు అందించాలి. వాళ్లు పైనున్నవి చదివి, కింద మరో మూడు రాయాలి. ఆరు విడతలు తిరిగేసరికి అరగంట, 108 ఆలోచనలు. కొన్ని ఒకేలా ఉంటాయి, ఫర్వాలేదు. కాగితం మీద పేర్లు మాత్రం రాయించకండి. అప్పుడే మేనేజర్ మాటా నిన్న చేరిన కుర్రాడి మాటా ఒకే బరువు తూగుతాయి. ఆ అరగంటా మీరు కూడా నోరు కట్టేసుకోవాలి. అదే అన్నిటికంటే కష్టం.

అందరికీ రాయడం అలవాటు ఉండదు కదా. పల్లెల్లో మహిళా సంఘాలతో పనిచేసేవాళ్లు ముగ్గుపిండితో నేల మీద ఊరి పటం గీయిస్తారు, గింజలతో మార్కులు వేయిస్తారు. ఒకసారి నేనూ నాలుగు సమస్యల బొమ్మలు నేల మీద పరిచి, తలా పది చింతగింజలు ఇచ్చాను. రెండు రోజులుగా పెదవి విప్పని ఒకావిడ తాగునీటి బొమ్మ మీద ఆరు గింజలు పెట్టింది. కాసేపు చూసి, అందులోంచి రెండు తీసి బస్సు బొమ్మ మీదికి జరిపింది. "ఎందుకు జరిపావమ్మా?" అని అడిగాను. పదో తరగతి చదివే కూతురు సాయంత్రం బస్సు లేక మూడు కిలోమీటర్లు నడిచొస్తోందని చెప్పింది. ఆ తర్వాత గంటసేపు అందరూ దాని గురించే మాట్లాడారు. గింజల లెక్క కంటే, అవి ఎందుకు జరిగాయో అడగడమే ముఖ్యమని నాకు ఆ రోజు తెలిసింది.

గింజలూ కాగితాలూ సిద్ధంగా లేకపోతే, ప్రశ్న వేసి ఒక నిమిషం ఎవరికి వారిని ఆలోచించుకోనివ్వండి. తర్వాత ఇద్దరిద్దరు, ఆపైన నలుగురేసి మాట్లాడుకున్నాకే అందరి ముందుకూ తీసుకురండి.

చర్చలో వచ్చినవి రాసిన చార్టులు చుట్టి బీరువాలో పెట్టేముందు ఫోటోలు తీసి, వచ్చినవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆ సాయంత్రమే పెట్టండి. ఏ పని ఎవరు, ఏ తేదీలోగా చేస్తామన్నారో కిందనే రాయండి.